విడి పవర్ యాంప్లిఫైయర్ ఎంపిక: వాట్ల అంకె కంటే ముందు తేలవలసిన లెక్కలు

హోమ్ థియేటర్‌లో స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్ అనే ఒకే పెట్టెలో మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చిన డిజిటల్ సంకేతాన్ని విప్పి ఏ చానల్ (ఒక్కో స్పీకర్‌కు వెళ్లే శబ్దపు దారి) శబ్దాన్ని ఆ చానల్‌కు పంచడం మొదటిది. గదికి తగిన దిద్దుబాటు, స్పీకర్ల దూరాలు, వాల్యూమ్ వంటివన్నీ సర్ది దాన్ని అనలాగ్ సంకేతంగా మార్చడం రెండోది. ఒకటి రెండు వోల్టులకు మించని ఆ సంకేతాన్ని స్పీకర్ కోన్లను కదిలించగల స్థాయికి పెంచడం మూడోది. విడిగా పవర్ యాంప్లిఫైయర్ కొనడమంటే ఈ మూడో పనిని మాత్రమే మరో పెట్టెకు అప్పగించడం. సంభాషణలు తేటగా వినిపించకపోవడానికి, బాస్ ఒక కుర్చీలో మోతెక్కి పక్క కుర్చీలో మాయమవడానికి, సరౌండ్ శబ్దం చుట్టుముట్టినట్లు అనిపించకపోవడానికి కారణాలు సాధారణంగా స్పీకర్లను ఉంచిన తీరులోనో, గది గోడల్లోనో, మొదటి రెండు పనుల అమరికలోనో ఉంటాయి. అలాంటి లోపాలను యాంప్ మార్చి సరిచేయాలనుకుంటే డబ్బు ఖర్చవుతుంది గానీ లోపం అలాగే ఉంటుంది. కాబట్టి ఏ యాంప్ కొనాలన్న ప్రశ్నకు ముందు, రిసీవర్‌లో ఉన్న యాంప్ నిజంగా చాలడం లేదా అన్నది తేలాలి. ఇది చెవితో ఊహించవలసిన విషయం కాదు, కాగితం మీద లెక్కవేయగలిగినదే.

ఆ లెక్కకు కావలసినవి స్పీకర్ సెన్సిటివిటీ, కూర్చునే చోటు ఎంత దూరంలో ఉందన్న సంగతి, వినదలచిన గరిష్ఠ స్థాయి. సెన్సిటివిటీ అంటే స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో వినిపించే శబ్దం ఎన్ని డెసిబెల్‌లన్నది. 8 ఓంల స్పీకర్ విషయంలో 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. గరిష్ఠ స్థాయి విషయంలో సినిమా ప్రపంచం ఏనాడో ఒక ప్రమాణం పెట్టుకుంది. రిసీవర్ వాల్యూమ్ సున్నా దగ్గర ఉన్నప్పుడు (ఇక్కడ సున్నా అంటే నిశ్శబ్దం కాదు, ప్రమాణ స్థాయి; దానికి తక్కువవన్నీ మైనస్ అంకెలు) ప్రధాన చానళ్లలో ఒక్కొక్కటి కూర్చున్న చోట 105 డెసిబెల్‌ల శిఖరాన్ని, తక్కువ ఫ్రీక్వెన్సీల ప్రత్యేక చానల్ 115 డెసిబెల్‌ల శిఖరాన్ని అందుకోగలగాలి. రిఫరెన్స్ స్థాయి అని పిలిచేది దీన్నే.

87 డెసిబెల్‌ల సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ 3.5 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆరుబయట అయితే ఆ దూరానికి దాదాపు 11 డెసిబెల్‌లు తగ్గిపోతాయి. గదిలో గోడల ప్రతిఫలనాలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి 8 తగ్గుతుందని పెట్టుకోవచ్చు. అంటే ఒక వాట్‌కు కుర్చీ దగ్గర 79 డెసిబెల్‌లు వస్తాయి. 105కు చేరాలంటే మరో 26 డెసిబెల్‌లు కావాలి, అది సుమారు 400 వాట్లు. ఈ అంకె చూసి కంగారు పడే ముందు రెండు మార్పులు చేసి మళ్లీ లెక్కవేయాలి. అదే గదిలో వాల్యూమ్ మైనస్ 10 దగ్గర వింటే కావలసింది 40 వాట్లే. స్పీకర్ సెన్సిటివిటీ 87 కాకుండా 92 అయితే, పూర్తి రిఫరెన్స్ స్థాయికి కూడా 126 వాట్లు సరిపోతాయి. ఇళ్లలో సున్నా దగ్గర సినిమా చూసేవారు నిజానికి అరుదు. చిన్న గదిలో ఆ స్థాయి చాలామందికి భరించరానిదిగా ఉంటుంది. మామూలుగా వినే స్థాయి మైనస్ 10కో, మైనస్ 15కో దగ్గరగా ఉండి, లెక్క 40 వాట్ల దగ్గర తేలినవారికి విడి యాంప్ వల్ల వినికిడిలో తేడా దాదాపు ఉండదు.

డెసిబెల్‌కు వాట్లకు ఉన్న సంబంధం సూటిగా ఉండదన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లే. శబ్దం రెండింతలైనట్లు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అంటే పదింతల వాట్లు కావాలి. 100 వాట్ల రిసీవర్‌కు బదులు 150 వాట్ల యాంప్ పెడితే దక్కే అదనపు అవకాశం 1.8 డెసిబెల్‌లకు కూడా కొంచెం తక్కువే. అందువల్ల విడి యాంప్ కొనదలిస్తే ఉన్నదానికి కనీసం రెట్టింపు, వీలైతే మూడు నాలుగింతల సామర్థ్యం ఉన్నదానికి వెళ్లాలి. లేకపోతే ఆ డబ్బుతో ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లనో, రెండో సబ్ వూఫర్‌నో కొనడం మేలు. సెన్సిటివిటీలో 5 డెసిబెల్‌ల తేడా మూడింతల యాంప్‌తో సమానమన్నది పై ఉదాహరణలోనే కనిపిస్తోంది.

ఇక వాట్ల అంకె విషయం. రెండు పెట్టెల మీద ఒకే అంకె ఉన్నంత మాత్రాన రెండూ సమానం కావు, ఎందుకంటే ఆ అంకె ఏ షరతుల కింద వచ్చిందన్నదే దాని అర్థాన్ని నిర్ణయిస్తుంది. 6 ఓంల లోడు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే స్వరం, 10 శాతం డిస్టార్షన్ (సంకేతం రూపు చెడటం), ఒకే చానల్ పనిచేయడం అనే షరతులు పెడితే మామూలు రిసీవర్ కూడా ఘనమైన అంకె చూపుతుంది. అదే రిసీవర్‌ను 8 ఓంల లోడుతో, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో, రెండు చానళ్లు కలిపి నడిపితే అంకె బాగా దిగివస్తుంది. ఐదో ఏడో చానళ్లను ఒకేసారి నడిపితే ఇంకా దిగుతుంది, ఎందుకంటే అన్ని చానళ్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, ఒకే కెపాసిటర్ల జత నుంచి కరెంటు పంచుకోవాలి. ఈ అంకెల గారడీ కొత్తది కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫైయర్ వాట్ల ప్రకటనలకు నియమం పెట్టవలసి వచ్చింది. 2024లో దాన్ని సవరించి 8 ఓంల లోడు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు శ్రేణి, 1 శాతం లోపు డిస్టార్షన్ అనే ఒకే కొలమానాన్ని నిర్దేశించింది. కొనేవారు ఏ దేశంలో ఉన్నా ఆ మూడు షరతులను పట్టుకుని స్పెసిఫికేషన్ చదివితే చాలా గందరగోళం తొలగిపోతుంది.

అయితే అన్ని చానళ్లూ ఒకేసారి పూర్తి శక్తితో నడిచే పరీక్ష కొంత కఠినమైనదన్న సంగతీ ఒప్పుకోవాలి. సినిమా శబ్దంలో శిఖరాలు సగటు కంటే చాలా ఎత్తున ఉంటాయి, క్షణాల్లో వచ్చి పోతాయి, ఏడు చానళ్లలో ఒకేసారి రావడం అరుదు. పైగా 80 హెర్ట్జ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను సొంత యాంప్ ఉన్న సబ్ వూఫర్‌కు మళ్లిస్తే, ఎక్కువ శక్తిని తినే భాగం రిసీవర్ భుజాల మీద నుంచి దిగిపోతుంది. ఈ మళ్లింపు కోసం రిసీవర్ మెనూలో స్పీకర్లను స్మాల్ అని పెట్టడం పైసా ఖర్చు లేని పని. పెద్ద టవర్ స్పీకర్లు కొన్నవారు వాటిని లార్జ్ అని పెట్టి, ఆ తర్వాత రిసీవర్ చాలడం లేదని బాధపడటం తరచూ కనిపిస్తుంది.

ఎన్ని వాట్లన్న ప్రశ్న కంటే స్పీకర్ ఎంత కరెంటు అడుగుతుందన్న ప్రశ్నే చాలాసార్లు విడి యాంప్‌ను అవసరం చేస్తుంది. స్పీకర్ ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది చూపే ఓంలలోని అడ్డు, స్థిరంగా ఉండేది కాదు. ఫ్రీక్వెన్సీతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ప్రమాణం ప్రకారం 8 ఓంలని చెప్పిన స్పీకర్ 6.4 ఓంల కంటే దిగువకు పోకూడదు గానీ, 8 అని రాసి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4కూ, అంతకన్నా కిందికీ జారే స్పీకర్లు బజారులో తక్కువేమీ కాదు. 28.3 వోల్టుల దగ్గర 8 ఓంల లోడు 3.5 ఆంపియర్లు తీసుకుని 100 వాట్లు ఖర్చు చేస్తే, 4 ఓంల లోడు 7 ఆంపియర్లు తీసుకుని 200 వాట్లు అడుగుతుంది. ఆ అడిగినంతా ఇవ్వగల యాంప్ వాట్లు 8 నుంచి 4 ఓంలకు వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతాయి. స్పెసిఫికేషన్‌లో 8 ఓంలకు 150, 4 ఓంలకు 250 లేదా 280 అని ఉంటే విద్యుత్ సరఫరా భాగం గట్టిదేనని అర్థం చేసుకోవచ్చు. 4 ఓంల అంకె అసలు ఇవ్వకపోతే అనుమానించాలి. చాలా రిసీవర్లలో 4 ఓంల స్పీకర్ల కోసం ఉండే మెనూ స్విచ్ లోపలి సరఫరాను తగ్గించి వేడిని అదుపు చేయడానికి పెట్టినదే గానీ కరెంటు పెంచేది కాదు. భారీ దృశ్యాల్లో రిసీవర్ తనంత తాను ఆగిపోతుంటే, తీగలు ఎక్కడా ఒకదానికొకటి తాకడం లేదని నిర్ధారించుకున్నాక, విడి యాంప్‌కు అంతకన్నా స్పష్టమైన కారణం వెతకనక్కర్లేదు.

సెన్సిటివిటీ అంకెలోనూ ఇదే మెలిక ఉంది. 4 ఓంల స్పీకర్‌కు 2.83 వోల్టులు ఇస్తే అది రెండు వాట్లు తీసుకుంటుంది. కాబట్టి కాగితం మీది 87 డెసిబెల్‌లు వాట్ లెక్కన చూస్తే 84 మాత్రమే.

ఎన్ని చానళ్ల యాంప్ కొనాలన్నదానికి చాలా ఇళ్లలో సరైన జవాబు మూడు. ఎడమ, మధ్య, కుడి స్పీకర్లే సినిమా శబ్దంలో అధిక భాగాన్ని మోస్తాయి. ఈ మూడింటినీ విడి యాంప్‌కు మళ్లిస్తే రిసీవర్ విద్యుత్ సరఫరా మొత్తం మిగిలిన సరౌండ్, పైకప్పు స్పీకర్లకు మిగులుతుంది. ఏడు చానళ్ల ఒకే పెద్ద యాంప్ చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, అది ముప్పై కిలోల పెట్టెగా మారి ఒక చానల్ పాడైనప్పుడు మొత్తంగా మరమ్మతుకు పోవలసి వస్తుంది. రెండు చానళ్ల యాంప్ పెట్టి మధ్య స్పీకర్‌ను రిసీవర్‌కే వదిలేయడం సంగీతం ఎక్కువగా వినేవారికి సరిపోతుంది. సినిమాలు ప్రధానమైనవారికి మాత్రం సంభాషణలన్నీ పలికే స్పీకర్‌ను బలహీనమైన చోట వదిలినట్లవుతుంది. ఒకే స్పీకర్‌కు రెండు యాంప్ చానళ్లను కలిపే బై-యాంపింగ్ వల్ల, స్పీకర్ లోపలి క్రాసోవర్ (కింది, పై స్వరాలను విడదీసే భాగం) అలాగే ఉన్నంతకాలం, చెప్పుకోదగ్గ లాభం ఉండదు. రెండు చానళ్లను జోడించి ఒకే చానల్‌గా వాడే బ్రిడ్జింగ్‌లో వోల్టేజీ రెట్టింపవుతుంది గానీ ఒక్కో చానల్‌కు స్పీకర్ ఇంపిడెన్స్ సగంగా కనిపిస్తుంది, కాబట్టి 4 ఓంల స్పీకర్లతో దాని జోలికి పోకపోవడం క్షేమం.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిగా చూసుకున్నవారు కూడా తప్పిపోయే చోటు ఒకటుంది. అది రిసీవర్ వెనుక ప్రీ-అవుట్ సాకెట్‌కు (ఇంకా పెంచని సంకేతాన్ని బయటి యాంప్‌కు ఇచ్చేది), యాంప్ ఇన్‌పుట్‌కు మధ్య ఉండే సంబంధం. పవర్ యాంప్ తన దగ్గరికి వచ్చిన వోల్టేజీని నిర్ణీత రెట్లు పెంచుతుంది. ఆ రెట్లనే గెయిన్ అంటారు. 8 ఓంలకు 200 వాట్లు ఇవ్వాలంటే అవుట్‌పుట్ దగ్గర 40 వోల్టులు రావాలి. థియేటర్ పరికరాలకు టీహెచ్‌ఎక్స్ అనే ప్రమాణాల సంస్థ నిర్దేశించిన 29 డెసిబెల్‌ల గెయిన్ ఉంటే, అంటే సుమారు 28 రెట్లు, ఇన్‌పుట్‌కు 1.4 వోల్టులు చాలు. గెయిన్ 26 డెసిబెల్‌లైతే 2 వోల్టులు, 23 అయితే 2.8 వోల్టులు కావాలి. మరోవైపు, మధ్యతరగతి రిసీవర్ల ప్రీ-అవుట్‌లు చాలావరకు ఒకటి, ఒకటిన్నర వోల్టుల వరకు శుభ్రంగా ఉండి ఆ పైన డిస్టార్షన్ పెంచుకుంటాయి. అలాంటి రిసీవర్‌కు 23 డెసిబెల్‌ల గెయిన్ ఉన్న 200 వాట్ల యాంప్ తగిలిస్తే, 1.4 వోల్టుల దగ్గర ఆ యాంప్ ఇచ్చేది 50 వాట్లు మాత్రమే. మిగిలిన 150 వాట్లకు చెల్లించిన డబ్బు పెట్టెలోనే ఉండిపోతుంది. వాల్యూమ్ ఇంకా పెంచితే వచ్చేది శక్తి కాదు, ప్రీ-అవుట్ దగ్గరే పుట్టిన గరుకుదనం.

దీనికి తోడు మరో చిక్కు కొన్ని రిసీవర్లలో కనిపిస్తుంది. ప్రీ-అవుట్ వాడుతున్నా లోపలి యాంప్ కూడా అదే సంకేతంతో వెనుక నడుస్తూనే ఉంటుంది. స్పీకర్ తగిలించకపోయినా అది తన హద్దు దాటి క్లిప్ అయినప్పుడు, అంటే సంకేతం శిఖరాలు తెగిపోయినప్పుడు, ఆ ప్రభావం ప్రీ-అవుట్ సంకేతం మీదా పడవచ్చు. డెనాన్, మారంట్జ్ సంస్థల కొన్ని మోడళ్లలో లోపలి యాంప్‌ను ఆపివేసి ప్రీయాంప్‌గా మాత్రమే వాడే ఏర్పాటు రావడానికి కారణం ఇదే. విడి యాంప్ ఆలోచన ఉన్నవారు రిసీవర్ కొనేటప్పుడే ప్రీ-అవుట్‌లు ఉన్నాయా, ఎన్ని చానళ్లకు ఉన్నాయి, ఇలాంటి ఏర్పాటు ఉందా అన్నవి చూసుకోవాలి. తక్కువ ధర మోడళ్లలో సబ్ వూఫర్‌కు తప్ప ప్రీ-అవుట్‌లే ఉండవు. అలాంటి చోట స్పీకర్ టెర్మినళ్ల నుంచి సంకేతం తీసుకునే మార్పిడి పెట్టెలు దొరుకుతాయి గానీ, రిసీవర్ యాంప్‌లోని లోపాలను కూడా అవి వెంట తెస్తాయి కాబట్టి ఆ ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

గెయిన్ ఎక్కువుంటే సమస్య తీరిపోతుందనుకోవడానికీ లేదు. 32 డెసిబెల్‌లు దాటిన గెయిన్ సంకేతంతో పాటు ప్రీ-అవుట్‌లోని సూక్ష్మమైన సవ్వడిని కూడా అంతే పెంచుతుంది. సెన్సిటివిటీ ఎక్కువున్న హార్న్ స్పీకర్లకు దగ్గరగా కూర్చునే చోట అది నిశ్శబ్ద దృశ్యాల్లో సన్నని బుసలా వినిపిస్తుంది. యాంప్ సొంత సవ్వడిని చెప్పే సిగ్నల్-నాయిస్ నిష్పత్తిని కూడా జాగ్రత్తగా చదవాలి. 200 వాట్ల దగ్గర 110 డెసిబెల్‌లని చెప్పిన అంకె ఒక వాట్ దగ్గర 87 మాత్రమే అవుతుంది. ఒక వాట్ దగ్గరే 90 అని చెప్పిన యాంప్ దానికంటే నిశ్శబ్దమైనది. ఇంట్లో ఎక్కువసేపు నడిచేది ఒక వాట్ చుట్టుపక్కలే కాబట్టి రెండో తరహా కొలతకే విలువ.

సవ్వడి వేరు, హమ్ వేరు. రెండు పెట్టెలు రెండు ప్లగ్గుల నుంచి ఎర్త్ తీసుకున్నప్పుడు ఆర్‌సీఏ తీగ (ప్రీ-అవుట్‌కు వాడే మామూలు ఆడియో తీగ) పైతొడుగు గుండా చిన్న కరెంటు ప్రవహించి, స్థానిక విద్యుత్ సరఫరాను బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ మోతగా, దాని గుణిజాలుగా స్పీకర్లలో బయటపడుతుంది. టీవీ కేబుల్ తీగ కూడా తరచూ దీనికి మూలమవుతుంది. రెండు పెట్టెలనూ ఒకే సాకెట్ బోర్డుకు తగిలించడం, ఒక్కో తీగ పీకి చూస్తూ మోత ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం మొదటి ఉపాయాలు. అవసరమైతే సంకేతం దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే పని. రిసీవర్‌లోనో ప్రాసెసర్‌లోనో (లోపల యాంప్ లేని రిసీవర్ వంటిది) ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్, అంటే సంకేతాన్ని రెండు తీగల్లో ఎదురెదురుగా పంపే సాకెట్, ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది, పైగా ఆ దారిలో సాధారణంగా 6 డెసిబెల్‌ల ఎక్కువ వోల్టేజీ వస్తుంది. తక్కువ గెయిన్ యాంప్‌లు తమ చోటు వెతుక్కునేది అలాంటి వ్యవస్థల్లోనే.

క్లాస్ ఏబీ, క్లాస్ డీ అనే రెండు రకాల యాంప్‌లలో ఏది మేలన్న వాదం మీద ఖర్చయిన సిరా దానికి తగినంత ప్రాధాన్యం ఉన్నందువల్ల కాదు. క్లాస్ ఏబీ యాంప్ సిద్ధాంతపరంగా కూడా 78.5 శాతం కంటే సమర్థం కాలేదు. ఇంట్లో వినే స్థాయిల్లో తీసుకున్న విద్యుత్తులో అధిక భాగం వేడిగానే పోతుంది. అందుకే పెద్ద హీట్ సింక్‌లు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్, పైన గాలి ఆడే జాగా కావాలి. క్లాస్ డీ తన ట్రాన్సిస్టర్లను అతివేగంగా తెరుస్తూ మూస్తూ పనిచేయడం వల్ల చిన్నదిగా, చల్లగా ఉంటుంది. పాత క్లాస్ డీ యాంప్‌లలో చివరి ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ వలయానికి (అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు దిద్దే ఏర్పాటు) బయట ఉండటం వల్ల స్పీకర్ ఇంపిడెన్స్‌ను బట్టి పై స్వరాలు మారిపోయేవి. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే పద్ధతిని ఫిలిప్స్‌లో, ఆ తర్వాత హైపెక్స్, ప్యూరిఫై సంస్థలలో అభివృద్ధి చేసిన బ్రూనో పుట్జైస్ డిజైన్లతో ఆ అభ్యంతరానికి బలం పోయింది. ఇప్పుడు ఎంచుకోవలసింది క్లాస్ పేరును చూసి కాదు, డిస్టార్షన్ కొలతలు పూర్తి శ్రేణిలో, 4 ఓంల దగ్గర కూడా ఇచ్చారా అన్నది చూసి. మూసి ఉన్న క్యాబినెట్‌లో పెట్టవలసి వస్తే క్లాస్ డీ సహజమైన ఎంపిక. మరమ్మతు సులువు, దీర్ఘకాలం వాడుక కోరేవారికి క్లాస్ ఏబీ వైపు మొగ్గడానికి ఇప్పటికీ కారణముంది.

స్పీకర్ ఇంపిడెన్స్ యాంప్ సొంత అవుట్‌పుట్ నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పే డాంపింగ్ ఫ్యాక్టర్ అనే అంకెను ప్రకటనల్లో గొప్పగా చూపుతారు. 400 ఉన్న యాంప్, 100 ఉన్న యాంప్ పక్కపక్కన పెడితే మొదటిది నాలుగింతలు మెరుగని అనిపిస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు వేస్తే రానూపోనూ నిరోధం సుమారు 0.14 ఓం అవుతుంది. దాన్ని కలిపి చూస్తే 8 ఓంల స్పీకర్ దగ్గర ఆ రెండు అంకెలూ 51, 37గా దిగిపోతాయి. స్పీకర్ వాయిస్ కాయిల్ సొంత నిరోధమే ఐదారు ఓంలు ఉంటుంది కాబట్టి ఆ మిగిలిన తేడా కూడా వినిపించదు.

పెట్టె ఇంటికి వచ్చాక ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా చిన్న విషయాలే. రిసీవర్‌తో పాటు యాంప్ వెలిగి ఆరడానికి 12 వోల్టుల ట్రిగ్గర్ ఉండాలి. సంకేతాన్ని పసిగట్టి తానే వెలిగే ఏర్పాటు మాత్రమే ఉంటే సుదీర్ఘమైన నిశ్శబ్ద దృశ్యంలో అది నిద్రపోయి, తర్వాతి మాట మొదటి అక్షరాన్ని మింగేయవచ్చు. పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ స్విచ్ వేసిన క్షణంలో గుంజే కరెంటుకు ఎంసీబీ పడిపోకుండా సాఫ్ట్ స్టార్ట్ ఉందో లేదో అడగాలి. వేదికల మీద వాడే ప్రొఫెషనల్ యాంప్‌లు వాట్ల లెక్కన చవకగా కనిపిస్తాయి, శక్తి విషయంలో మోసమూ చేయవు. కానీ వాటి ఫ్యాన్ చప్పుడు సినిమా గదిలో భరించడం కష్టం, పూర్తి శక్తికి అడిగే ఇన్‌పుట్ వోల్టేజీ ఆర్‌సీఏ ప్రీ-అవుట్‌కు తరచూ అందదు. పక్క గదిలోనో, గోడ వెనుకో పెట్టగలిగేవారికి అవి మంచి బేరమే.

యాంప్ తగిలించాక గది కాలిబ్రేషన్ (మైకుతో కొలిచి స్పీకర్ల స్థాయిలను సర్దే ఏర్పాటు) మళ్లీ నడపడం తప్పనిసరి. ఆ ఏర్పాటు ఆడిస్సీ, వైపీఏఓ, డిరాక్ ఏదైనా సరే, కొత్త యాంప్ గెయిన్ రిసీవర్ సొంత యాంప్ గెయిన్‌తో సమానంగా ఉండే అవకాశం తక్కువ కాబట్టి, పాత అమరిక మీద ముందరి మూడు స్పీకర్లు సరౌండ్‌ల కంటే నాలుగైదు డెసిబెల్‌లు ఎక్కువగానో తక్కువగానో మోగుతాయి. కొత్త యాంప్ పెట్టగానే శబ్దానికి ప్రాణం వచ్చిందన్న మాటల్లో కొంత భాగం ఈ తేడాదే. ఒక డెసిబెల్ హెచ్చుగా ఉన్నదాన్ని చెవి మెరుగైనదిగా స్వీకరిస్తుంది. కాలిబ్రేషన్ పూర్తయ్యాక చానల్ లెవెల్ పేజీ తెరిచి చూడాలి. ముందరి మూడింటి అంకెలు మైనస్ 12 వంటి అడుగు హద్దును తాకి ఉంటే రిసీవర్ అంతకన్నా తగ్గించలేకపోయిందని అర్థం; యాంప్ మీద గెయిన్ స్విచ్ గానీ లెవెల్ నాబ్ గానీ ఉంటే దాన్ని దించి మళ్లీ కొలవాలి. పైహద్దును తాకి ఉంటే యాంప్ గెయిన్ చాలడం లేదు. ఎక్కువ గెయిన్ ఎంచుకునే వీలు లేకపోతే, తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే ఆ యాంప్‌ను మార్చుకోవడం మంచిది.